ఎండలు ముదరకముందే: వెదురు విల్లు, రాతి పనిముట్లు చేసుకునేవారికి జాగ్రత్తలు

శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్లిపోతుందని పెద్దలు అంటారు. హైదరాబాదులో చలితోపాటు గాలిలోని తేమ కూడా తగ్గిపోతుంది కనుక, ఇంట్లో ఇష్టంగా విల్లంబులు, రాతి పనిముట్లు చేసుకునేవారు తమ పని తీరును మార్చుకోవలసిన సమయం కూడా అదే. ఆగస్టులో నిండుగా లాగినా చెక్కుచెదరని విల్లు, మే నెల మధ్యాహ్నం అదే చేతిలో రెండు ముక్కలు కావచ్చు. దానికి కారణం వెదురులో మిగిలి ఉన్న నీటి శాతం.

కర్రయినా వెదురైనా చుట్టూ ఉన్న గాలిని బట్టి తేమను పీల్చుకుంటూ, వదులుతూ ఉంటుంది. గాలిలో తేమ 50 శాతం ఉన్నప్పుడు ఎండు కర్ర బరువులో సుమారు 9 శాతం నీరు నిలుస్తుంది. గాలి తేమ 80 శాతానికి చేరితే ఆ నీరు 16 శాతం దాకా పెరుగుతుంది. 25 శాతానికి పడిపోతే 5 శాతానికి దిగుతుంది. విల్లుకు 8 నుంచి 10 శాతం అనుకూలమైన స్థితి. అంతకన్నా నీరు ఎక్కువైతే విల్లు బలం తగ్గి, నారి విప్పిన తరువాత కూడా వంపు తిరిగే ఉండిపోతుంది. తక్కువైతే మాత్రం పెళుసుబారి, చిన్న చిటపట శబ్దమైనా లేకుండా ఒక్కసారిగా విరుగుతుంది. వానాకాలం విల్లును పాడుచేస్తుంది, ఎండాకాలం మనిషిని గాయపరుస్తుంది. అందుకే నేను వానలకన్నా వేసవికే ఎక్కువ భయపడతాను.

ఈ భయం నాకు అనుభవం మీద కలిగింది. కొన్నేళ్ల క్రితం మే నెలలో, నెల రోజులుగా మేడమీది గదిలో పడి ఉన్న విల్లును తెచ్చి, సగం వరకైనా వంచి చూడకుండా ఒకేసారి చెవిదాకా లాగాను. విల్లు పైకొమ్మ, అంటే పిడికి పైన వంగే భాగం, నడిమి కణుపు దగ్గర విరిగి, జానెడు పేడు నా కనుబొమ్మను చీల్చుకుంటూ పోయింది. అర అంగుళం కిందికి తగిలి ఉంటే కన్ను పోయేది. ఆ రోజు నేను కళ్లద్దాలు పెట్టుకోలేదు, విల్లును తూచి చూడలేదు. ఈ రెండూ ఇప్పుడు నేను ఎవరికైనా మొదట చెప్పే మాటలు.

తూచడం అంటే వంటింటి ఎలక్ట్రానిక్ తక్కెడ మీద పెట్టి బరువు చూడడమే. ఫిబ్రవరిలో, గాలి మరీ పొడిబారకముందు, ప్రతి విల్లునూ, చెక్కడం మొదలుపెట్టిన ప్రతి బద్దనూ తూచి ఆ అంకెను దాని పిడి మీద పెన్సిలుతో రాసుకోవాలి. ఆ తరువాత వారానికొకసారి చూసుకోవాలి. 600 గ్రాముల విల్లులో నీరు 9 శాతం నుంచి 6 శాతానికి దిగితే సుమారు 16 గ్రాముల బరువు తగ్గుతుంది. అంత తగ్గిందంటే ఆ విల్లును లాగకూడదు. నారి విప్పి, కూలరు నడిచే గదిలో, దాని గాలి నేరుగా తగలని మూలన కొన్ని రోజులు అడ్డంగా ఉంచితే బరువు మెల్లగా తిరిగి వస్తుంది. తడిగుడ్డ చుట్టడం, నీళ్లు చల్లడం మంచి పద్ధతులు కావు, ఎందుకంటే పైపొర తడిసి లోపల పొడిగానే ఉంటుంది. విల్లును ఎండలో నిలిపిన కారులో ఒక్క గంటయినా వదలకండి. లోపలి వేడి 60 డిగ్రీలు దాటుతుంది. కర్ర ఎండిపోవడమే కాక అతుకుల్లో జిగురు కూడా మెత్తబడుతుంది.

కొత్త బద్దను చెక్కి వంపు సరిచేసే పనిని వీలైతే మార్చి మధ్యలోపు ముగించడం, లేదా తొలకరి తరువాతకు వాయిదా వేయడం ఉత్తమం. తప్పనిసరిగా వేసవిలోనే చేయవలసి వస్తే ఉదయం ఎనిమిదిలోపు చేయండి. వెదురుకు పైతొక్కే బలం కనుక, గురివైపు ఉండే వీపు మీద ఆకురాయిగానీ గరుకు కాగితంగానీ గట్టిగా ఆడించకూడదు, కణుపులను చదును చేయకూడదు. తీయవలసినదంతా లోపలివైపు నుంచే తీయాలి. వంపు చూసేటప్పుడు విల్లును గోడకు బిగించిన కొయ్య మీద ఉంచి, నారిని తాడుతో కప్పీ మీదుగా లాగుతూ, మనం విల్లుకు పక్కగా, రెండు మూడు గజాల దూరంలో నిలబడాలి. ప్రతిసారీ కొంచెం గీకి, అప్పటిదాకా లాగిన దూరంలోనే ఇరవై ముప్పైసార్లు వంచి, ఆ తరువాతే అంగుళం ముందుకు వెళ్లాలి. మామూలు తిన్నని విల్లు పొడవు, మనం లాగే పొడవుకు రెండింతలకన్నా కొంత ఎక్కువ ఉండాలి. 28 అంగుళాలు లాగేవారికి 66 అంగుళాల విల్లు భద్రం. బాణం లేకుండా లాగి వదలడం ఏ కాలంలోనూ కూడదు. బాణానికి అందవలసిన శక్తి అంతా తిరిగి కొమ్మల మీద పడుతుంది.

వేసవిలో బాణాలకూ ఇదే పరీక్ష అవసరం. ఎండిన వెదురు పుల్ల నిలువునా చీలిపోయి, వదిలే క్షణంలో విల్లు పట్టిన చేతిలోకి దిగగలదు. కాబట్టి ప్రతి బాణాన్నీ వేసేముందు చెవి దగ్గర పెట్టుకుని, కొద్దిగా వంచి, చుట్టూ తిప్పుతూ వినాలి. చిట్లిన శబ్దం వస్తే అక్కడికక్కడే విరిచి పారేయాలి. నారి కూర్చునే గాడి కింద దారం గట్టిగా చుట్టాలి. ఈకల మొదళ్లనూ దారంతో కప్పకపోతే అవి వేలిని చీరుతాయి.

నార విషయంలో మన ఊళ్లో అందరికీ చేతికందేది జిల్లేడు. రోడ్డు పక్కన, ఖాళీ ప్లాట్లలో పెరిగే ఈ మొక్క నార వింటినారికి ఎంతో గట్టిది. సంస్కృతంలో వింటినారిని మౌర్వి అనడానికి మూలమైన మూర్వ, అంటే మన చాగ, నగరంలో అంత సులభంగా దొరకదు. అయితే జిల్లేడు పాలు కంట్లో పడితే నల్లగుడ్డు పైపొర ఉబ్బి చూపు మసకబారుతుంది. నొప్పి పెద్దగా ఉండకపోవడంతో చాలామంది తేలికగా తీసుకుని ఆలస్యం చేస్తారు, అసలు ప్రమాదం అదే. పచ్చి కాడలను విరవకుండా, కోసి నీడలో బాగా ఎండిన తరువాతే నార తీయండి. కోసేటప్పుడు చేతి తొడుగులు, కళ్లద్దాలు తప్పనిసరి. పాలు పడితే కనీసం పావుగంటసేపు ధారగా నీళ్లతో కడిగి, అదే రోజు కంటి వైద్యుడికి చూపించాలి.

రాయి చెక్కడంలో కనిపించని ప్రమాదం ధూళి. హైదరాబాదు బండరాయి గ్రానైటు కనుక అది పదునైన పెచ్చులుగా లేవదు. చాలామంది వికారాబాదు వైపు దొరికే చెకుముకి జాతి రాళ్లను తెచ్చుకుంటారు, లేదా సీసా అడుగులతో నేర్చుకుంటారు. చెకుముకి రాతి సన్నటి పొడి ఊపిరితిత్తుల్లో చేరితే సిలికోసిస్ వస్తుంది, దానికి నయం చేసే మందు లేదు. ఆరుబయట, గాలికి వీపు పెట్టి కూర్చుని, ఎన్95 మాస్కు బిగువుగా పెట్టుకోండి. గదిలో ఫ్యాను కింద ఈ పని వద్దు. తొడ మీద మందపాటి తోలు, కింద టార్పాలిను పరచాలి. పెచ్చులను చీపురుతో ఊడ్వకుండా తడిగుడ్డతో ఎత్తి, మందపాటి డబ్బాలో వేసి పైన రాసి పెట్టాలి. చెత్త తీసుకెళ్లేవారి చేతులు తెగకూడదు కదా. పాత రాతిపనిముట్లు దొరికే చోట్ల నుంచి రాళ్లు ఏరుకోవద్దు, మన పెచ్చులను అక్కడ వదలొద్దు. 1863లో చెన్నై దగ్గరి పల్లవరంలో భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్‌కు దొరికిన ఒక్క రాతి గొడ్డలితోనే మన దేశపు ఆదిమ చరిత్ర అధ్యయనం కొత్త దారి పట్టింది. కొత్త పెచ్చులు అందులో కలిస్తే రేపటి పరిశోధకుడు పొరబడతాడు.

పెచ్చులు లేపడానికి జింకకొమ్ము కోసం వెతకకండి. రాలిపడిన జింకకొమ్ము అయినా 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద చిక్కు తెస్తుంది. కర్రపిడికి బిగించిన రాగి కమ్మీ అదే పని చేస్తుంది. ఈకలకు టర్కీ కోడి, బాతు చాలు. వెదురును మేదరివారి దగ్గర కొనండి, అడవిలో నరకవద్దు. కేబీఆర్, మృగవని, హరిణ వనస్థలి మూడూ జాతీయ ఉద్యానాలు కనుక వాటిలోకి విల్లు తీసుకువెళ్లడమే నేరం.

బాణపు మొన అయిన ములికిని అతికించే గుగ్గిలం, మైనం నేరుగా మంట మీద కరిగిస్తే భగ్గుమంటాయి. వేడినీళ్ల గిన్నెలో మరో గిన్నె పెట్టి కరిగించి, మూత పక్కనే ఉంచుకోండి. అంటుకుంటే నీళ్లు పోయకుండా మూత వేయాలి. మార్చి నుంచి ఎండుగడ్డి ఉన్న చోట నిప్పు పని పూర్తిగా మానాలి.

మేడ మీద బాణం వేయడం ఎంత చిన్న విల్లుతోనైనా తగదు. నిండుగా లాగడానికి 40 పౌండ్ల బలం కావలసిన విల్లు బాణం నూట యాభై మీటర్లు దాటి వెళ్లగలదు. బండరాళ్ల ముందు గురి పెట్టినా బాణం వెనక్కి ఎగిరి వస్తుంది. మట్టి గట్టు వెనుక ఉన్న చోటే వేయండి.

కంట్లో పేడుగానీ పెచ్చుగానీ గుచ్చుకుంటే లాగకండి, నలపకండి, కడగకండి. ఒత్తిడి పడకుండా కాగితపు కప్పుతో కప్పి బయలుదేరాలి. మెహదీపట్నంలోని సరోజినీ దేవి కంటి ఆసుపత్రి, బంజారాహిల్స్‌లోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్యశాల, వీటిలో మీకు దగ్గరిది ఏదో ముందే తెలుసుకుని, ఒంటరిగా పనిచేయకుండా ఇంట్లో ఒకరికి చెప్పి ఉంచండి.

జూన్‌లో మొదటి వాన పడగానే విల్లు తీయాలనిపిస్తుంది. గాలి చల్లబడినంత త్వరగా వెదురు లోపలి పొర తేమను అందుకోదు. పిడి మీద రాసుకున్న ఫిబ్రవరి బరువుకు అది తిరిగి వచ్చేదాకా, వారమైనా రెండు వారాలైనా ఆగి, అప్పుడు కూడా మొదటి రోజు సగం దాకానే లాగండి.