చమురు ఒప్పందం చదవడం నేర్చుకుందాం – 4: నూరు డాలర్లలో దేశానికి ఎంత?

పోయిన పాఠంలో ఒప్పందం మీద ఎవరెవరు సంతకం పెట్టారో, బ్లాకులో, అంటే చమురు వెతికి తీయడానికి కంపెనీలకు ఇచ్చిన ప్రాంతంలో, ఎవరి వాటా ఎంతో చూశాం. ఈసారి కాగితం, పెన్ను దగ్గర పెట్టుకోండి. లెక్క ఐదో తరగతి పిల్లలు చేసేదే. కానీ ఇది చేతికొచ్చాక, కంపెనీ వార్షిక నివేదికల్లో తమ సేవల గురించి వేసుకునే రంగుల పేజీలను మీరు మునుపటిలా చదవలేరు.

మన నమూనా అదే, గయానా దేశపు స్టాబ్రోక్ బ్లాక్. దక్షిణ అమెరికా ఉత్తర తీరంలో ఎనిమిది లక్షల మంది ఉన్న చిన్న దేశం. అమెరికా చమురు కంపెనీ ఎక్సాన్‌మొబిల్‌కు అక్కడి నడిసముద్రంలో, లిజా అనే చోట, 2015లో చమురు తగిలింది. 2016లో కొత్త ఒప్పందం రాసుకున్నారు. దాన్ని జనం ముందు పెట్టింది మాత్రం 2017 డిసెంబర్లో. 2019 డిసెంబర్లో ఉత్పత్తి మొదలైంది. 2022లో ఆ దేశ ఆర్థిక వ్యవస్థ ఒక్క ఏడాదిలోనే 60 శాతానికి పైగా పెరిగింది. వార్తల్లో మనకు కనిపించేది ఈ అంకె. మనం చూడాల్సింది దీని కింద ఉన్న లెక్క.

నూరు డాలర్ల చమురు అమ్మారనుకోండి. ఒప్పందంలో ముందు ఖర్చు రాబట్టుకునే నిబంధన వెతకండి. ఇక్కడ దాని పరిమితి 75 శాతం. అంటే కంపెనీ తాను పెట్టిన పెట్టుబడి కింద నూటికి 75 డాలర్ల దాకా తీసేసుకోవచ్చు. మిగిలిన 25 సగం సగం: ప్రభుత్వానికి 12.50, కంపెనీలకు 12.50. పొలం పాలికి ఇచ్చి, పెట్టుబడి పోను మిగిలిన గింజలు పంచుకోవడం లాంటిదే. దీనికి 2 శాతం రాయల్టీ, అంటే ఖర్చుతో సంబంధం లేకుండా అమ్మకం మీద దేశానికి వచ్చే వాటా, కలపండి. మొత్తం 14.50. గయానాలో రాజకీయ సభల్లో తరచూ వినిపించే అంకె ఇదే.

చాలామంది ఇక్కడే ఆగిపోయి "85 శాతం దోచుకుంటున్నారు" అనేస్తారు. అది సరికాదు. 75 అనేది పరిమితి మాత్రమే, ప్రతిసారీ అంత తీసుకోవాలని లేదు. పాత పెట్టుబడి తీరిపోయి, నూరు డాలర్ల చమురుకు 20 డాలర్లే ఖర్చయ్యే రోజు వస్తే మిగిలేది 80. అందులో సగం 40, రాయల్టీతో 42. కంపెనీ వాదన కూడా ఇదే, అందులో నిజముంది. కాబట్టి అసలు అడగాల్సిన ప్రశ్న, ఆ రోజు ఎప్పుడు వస్తుంది?

జవాబు కోసం ఒప్పందంలో లేని నిబంధన ఒకటి వెతకాలి. ఏ క్షేత్రం ఖర్చు ఆ క్షేత్రం ఆదాయంలోంచే తీసుకోవాలని గిరి గీసే నిబంధనను రింగ్ ఫెన్సింగ్ అంటారు. స్టాబ్రోక్ ఒప్పందంలో అది లేదు. బ్లాకులో మరోచోట కొత్త బావి తవ్విన ఖర్చును లిజా చమురులోంచి రాబట్టుకోవచ్చు. కొత్త ప్రాజెక్టులు వస్తున్నంత కాలం ఆ 75 నిండుతూనే ఉంటుంది, దేశపు పెద్ద వాటా వెనక్కి జరుగుతూనే ఉంటుంది. ఒప్పందాలు చదివేటప్పుడు ఉన్న మాటలకంటే లేని మాటలే ఎక్కువ ఖరీదని నాకనిపించేది ఇలాంటి చోటే.

పైగా ఖర్చు ఎంతో చెప్పేది కంపెనీ. 1999 నుంచి 2017 దాకా పెట్టామన్న 160 కోట్ల డాలర్లకు పైగా ఖర్చును గయానా ప్రభుత్వం ఆడిట్ చేయిస్తే, అందులో 21.4 కోట్ల డాలర్ల మీద ఆడిటర్లు అభ్యంతరం చెప్పారు. మన కృష్ణా–గోదావరి (కేజీ) బేసిన్ డీ6 గ్యాస్ బ్లాకు మీద ప్రభుత్వానికీ రిలయన్స్‌కూ మధ్య నడిచిన గొడవ గుర్తున్నవాళ్ళకు ఇది కొత్తగా ఉండదు. అక్కడా పేచీ ఖర్చు రాబట్టుకోవడం మీదే. భారత ప్రభుత్వం 2016లో కొత్త బ్లాకులకు, ఖర్చు పోను మిగిలిన లాభంలో వాటా పద్ధతి వదిలేసి, మొత్తం ఆదాయంలో వాటాకు మారింది.

పన్ను నిబంధన కూడా ఒకసారి చూడండి. కంపెనీలు కట్టాల్సిన ఆదాయపు పన్నును ప్రభుత్వమే తన వాటాలోంచి కట్టినట్టు చూపి, రసీదు వాళ్ళకిస్తుంది. ఇంతకంటే చెప్పేదేమీ లేదు, చదివి నవ్వుకోండి.

ఇప్పుడు రెండో సగం: ప్రమాదం జరిగితే ఎవరిది బాధ్యత? చాలామంది డబ్బు లెక్కను, భద్రతను వేర్వేరుగా చదువుతారు. నా దృష్టిలో రెండూ ఒకే లెక్క. 2010లో గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో డీప్‌వాటర్ హొరైజన్ చమురు బావి ప్రమాదం బ్రిటన్ చమురు కంపెనీ బీపీకి 6,500 కోట్ల డాలర్లకు పైగా ఖర్చు తెచ్చింది. గయానాలో బావుల లైసెన్సు ఉన్నది ఎక్సాన్ స్థానిక అనుబంధ సంస్థకు. దాని చేతిలో అంత డబ్బు లేకపోతే? ఇద్దరు పౌరులు కోర్టుకెక్కారు. 2023 మేలో హైకోర్టు మాతృసంస్థ పరిమితి లేని హామీ ఇవ్వాల్సిందేనంది, ప్రభుత్వ పర్యావరణ సంస్థ మెతకగా ఉందని గట్టిగా మందలించింది. జూన్‌లో అప్పీలు కోర్టు ఆ తీర్పును నిలిపేసి, అప్పటికి 200 కోట్ల డాలర్ల హామీ ఇవ్వమంది. 6,500 పక్కన 200 రాసి చూసుకోండి.

గ్యాస్‌ను కాల్చే మంట సంగతి కూడా అంతే. లిజాలో చమురు తీసే లిజా డెస్టినీ ఓడ మీద గ్యాస్ కంప్రెసర్ మొరాయించడంతో, తిరిగి భూమిలోకి పంపాల్సిన గ్యాస్‌ను అనుకున్నదానికంటే చాలా ఎక్కువ కాలం కాల్చారు. 2021లో అనుమతి పత్రం సవరించి, టన్నుకు ఇంత అని రుసుము పెట్టాకే కాల్చడానికి ఒక ధర వచ్చింది. మీరు ఏ దేశపు అనుమతి పత్రం చదివినా మొదట చూడాల్సింది ఈ ధర ఉందా లేదా అని.

అభ్యాసం: 2023లో గయానా కొత్త బ్లాకులకు తెచ్చిన నమూనా ఒప్పందంలో రాయల్టీ 10 శాతం, ఖర్చు పరిమితి 65 శాతం, మిగిలింది సగం సగం. పన్ను పక్కన పెట్టి, పై పద్ధతిలోనే నూటికి దేశానికి ఎంతో కట్టండి. జవాబు 27.50 రావాలి. రాకపోతే రాయల్టీని ఎక్కడ కలిపారో చూసుకోండి, చాలామంది తప్పేది అక్కడే. అది వచ్చాక ఖర్చు 20 డాలర్లే అనుకుని మళ్ళీ కట్టండి, పాత ఒప్పందంతో వచ్చిన 42 పక్కన రాయండి.

వచ్చే పాఠం: 2021 లోకల్ కంటెంట్ చట్టం. ఏ పనులు ఎంత శాతం గయానావాసులకే ఇవ్వాలో చెప్పే పట్టికను చదవడం.