మిద్దె మీది బంతి: ఏది తినాలి, ఎంత తినాలి

బతుకమ్మకనో సంక్రాంతికనో బంతి వేసినవాళ్ళు నన్ను అడిగేది ఒకటే: "అక్కా, ఇవి తినొచ్చా?" తినొచ్చు. కాకపోతే రెక్కలే తినాలి, అవీ మందు కొట్టకుండా మనం పెంచినవే అయ్యుండాలి. బజారులో కొన్న దండలోంచి తుంచి వంటలో మాత్రం వెయ్యకండి. వాటి మీద ఏం కొట్టారో అమ్మేవాళ్ళకి కూడా తెలీదు. నర్సరీలో పూతతో కొన్న మొక్కయినా అంతే. ఆ పూలన్నీ దేవుడికి పెట్టేసి, తర్వాత వచ్చే విత్తనంతో తినే మొక్కలు వేసుకోండి.

ముద్దబంతికి రెక్కలు బోలెడు, కానీ వాసన బరువు, కొంచెం చేదు కూడా. కారబ్బంతి ఇంకా ఘాటు. తినడానికే వేసేట్టయితే ఆన్‌లైన్‌లో లెమన్ జెమ్, టాన్‌జరిన్ జెమ్ పేర్లతో దొరికే చిట్టి బంతి వెయ్యండి. పువ్వుకి ఐదే రెక్కలు. ఆకు నలిపితే నిమ్మతొక్క వాసన. మన ఎండాకాలం దానికి పడదు, అందుకే నేను సెప్టెంబరు చివర్లో విత్తి చలికాలమంతా కోసుకుంటాను. బతుకమ్మకి ముద్దబంతి కావాలంటే జులైలోనే విత్తాలి.

ఎర్రమట్టి, కోకోపీట్, వర్మీకంపోస్టు సమపాళ్ళలో కలిపితే చాలు. ఎరువు ఎక్కువైతే ఆకు ఏపుగా పెరిగి పూత తగ్గుతుంది. విత్తనం మీద అర సెంటీమీటరు మట్టి కప్పితే వారంలోపు మొలకలొస్తాయి. నాలుగైదు ఆకులు వచ్చాక పన్నెండు అంగుళాల కుండీకి ఒక మొక్క చొప్పున నాటండి. జానెడు ఎదిగాక తల తుంచాలి. అప్పుడే పక్క కొమ్మలొచ్చి గుబురవుతుంది. రోజుకి ఆరు గంటల ఎండ తప్పనిసరి. నీళ్ళు మొక్క మొదలు దగ్గరే పొయ్యండి, పూల మీద పడితే కుళ్ళుతాయి.

అసలు శత్రువు ఎర్రనల్లి. ఆకు మీద సూదితో గుచ్చినట్టు తెల్లచుక్కలు, అడుగున సన్నటి సాలెగూడు లాంటి బూజు కనిపిస్తే అదే. ముందు పైపుతో ఆకు అడుగున గట్టిగా నీళ్ళు కొట్టండి. తగ్గకపోతే లీటరు నీళ్ళకి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త కుంకుడు రసం కలిపి సాయంత్రం పూట కొట్టండి. ఆ తర్వాత ఓ వారం పూలు వంటకి కొయ్యొద్దు. వేప చేదు రెక్కకి పట్టుకుంటుంది.

పొద్దున మంచు ఆరాక కోసి, తలకిందులుగా పట్టుకుని విదిలిస్తే చీమలు, తామర పురుగులు రాలిపోతాయి. రెక్కని లాగి చూడండి. కింద సన్నగా, తెల్లగా ఒక మొన ఉంటుంది. చేదంతా ఎక్కువగా అక్కడే. గోటితో గిల్లి పారేసి ఒక రెక్క నమిలి చూడండి, నచ్చితేనే మిగతావి వాడండి.

కీర పెరుగుపచ్చడిలో చివర్లో చల్లితే చిట్టి బంతి బ్రహ్మాండంగా ఉంటుంది. ముద్దబంతి అట్ల పిండిలోకి మేలు, నలుగురికి సరిపడా పిండిలో గుప్పెడు చాలు. దేవుడి పూలు పెనం మీద వేస్తానంటే మా అత్తయ్య మొదట ఒప్పుకోలేదు. ముందు దీపం దగ్గర ఒక పువ్వు పెట్టాలన్న షరతు మీద ఒప్పుకున్నారు. అట్టు మాత్రం రెండోది కూడా అడుగుతారు.

రంగు కావాలంటే నీళ్ళలో కాదు, నెయ్యిలో వెయ్యాలి. బంతికి పసుపు రంగునిచ్చే ల్యూటిన్ కొవ్వులోనే కరుగుతుంది. నీడన ఎండబెట్టిన రెక్కల పొడి చెంచాడు, సన్న సెగ మీద కరిగిన నెయ్యిలో వేసి దించేసి, వడకట్టి అన్నంలో కలపండి. జార్జియా దేశంలో ఈ పొడినే ఇమెరెతి కుంకుమపువ్వు అంటారు, అక్రోట్ల ముద్దతో చేసే కూరల్లో వేస్తారు.

చామంతి పడనివాళ్ళకి బంతీ పడకపోవచ్చు, రెండూ ఒకే కుటుంబం. వాళ్ళు, గర్భిణులు దీని జోలికి పోకపోవడమే మంచిది. మిగతావాళ్ళు కూడా మొదటిసారి రెండు మూడు రెక్కలతో మొదలుపెట్టండి.

విత్తనం కోసం మంచి పువ్వు ఒకటి చెట్టు మీదే పూర్తిగా ఎండనివ్వండి. హైబ్రిడ్ ముద్దబంతి విత్తనం దాస్తే మాత్రం మళ్ళీ అదే పువ్వు రాదు. చిట్టి బంతికి ఆ బెంగ లేదు.