రైల్లో రాసుకున్న నోట్స్ కలగాపులగం కాకుండా

ఇంటికొచ్చి రాయబోతే ఏ మాట ఏ ఊరి దగ్గర విన్నామో గుర్తుకురాదు. విశాఖ నుంచి అరకు వెళ్లే రైల్లో మరీనూ, సొరంగాలు దాటేకొద్దీ స్టేషన్లన్నీ ఒకేలా అనిపిస్తాయి.

బండి ఆగగానే ముందు పసుపు బోర్డు ఫోటో తీయండి. ఊరి పేరు, కింద సముద్రమట్టం నుంచి ఎత్తు అందులోనే ఉంటాయి, టైమ్ ఫోన్ రాసుకుంటుంది. తర్వాత నోట్‌బుక్‌లో టైమ్ వేసి రెండే లైన్లు: చెవిన పడిన మాట ఒకటి, అన్నది అన్నట్టుగా, కంటబడిన వస్తువో, వాసనో ఇంకొకటి. "చాలా అందంగా ఉంది" అనేది వద్దు, అది ఇంటి దగ్గర కూర్చుని కూడా రాయొచ్చు. చదువుతున్న పుస్తకం ఎక్కడ ఆపారో ఆ పేజీ నంబరూ పక్కన వేయండి. రాత్రికి ఫోటోల టైమ్‌తో పోలిస్తే వరస దొరుకుతుంది.

ఫోటోని వాట్సాప్‌లో మామూలుగా పంపి ఒరిజినల్ చెరిపేయకండి, తీసిన టైమ్ పోతుంది.