అరుపు పెంచే ముందు దాని ముందరి నిశ్శబ్దం సరిచేయండి

హారర్ షార్ట్ ఫిల్మ్ గానీ గేమ్ గానీ చేస్తుంటే, ఉలిక్కిపడేలా చేసే సౌండ్‌ని ఇంకా పెంచే ముందు దానికి ముందున్న 10 సెకన్లు ఒకసారి వినండి. అక్కడ బీజీఎం గట్టిగా మోగుతుంటే అరుపు ఎంత పెంచినా లాభం లేదు. లిమిటర్ (శబ్దం ఒక హద్దు దాటకుండా ఆపే టూల్) రెండింటినీ దాదాపు ఒకే స్థాయికి నొక్కేస్తుంది.

గాలి, ఫ్రిజ్ హోరు, పురుగుల రొద లాంటి నేపథ్య శబ్దాన్ని 8–10 సెకన్లలో మెల్లగా 10–12 డెసిబెల్స్ తగ్గించండి. పూర్తిగా సున్నా చేయొద్దు. ఉన్నట్టుండి ఏమీ వినబడకపోతే స్పీకర్ పోయిందేమో అనుకుంటారు, భయం అక్కడే తెగిపోతుంది. ఆ తర్వాత వచ్చే శబ్దానికి ఫేడ్ ఇన్ (మెల్లగా పెరుగుతూ మొదలవడం) పెట్టకండి. ఉలిక్కిపాటు శబ్దం గట్టిగా ఉండటం వల్లే రాదు, శబ్దం ఎంత వేగంగా లేచిందన్నది కూడా ముఖ్యం. ఇంకోటి, 60 హెర్ట్జ్ లోతైన మోత ఒక్కదాన్నే నమ్ముకుంటే ఫోన్ స్పీకర్‌లో చూసేవాళ్లకి దాదాపు ఏమీ వినబడదు. 300–500 హెర్ట్జ్‌లో మరో పొర కలపండి.

సినిమాకి ఇది చాలు. గేమ్‌లో మాత్రం ఆటగాడు చచ్చి మళ్లీ అదే గదిలోకి వస్తాడు. అదే తలుపు దగ్గర అదే అరుపు రెండోసారి వస్తే నవ్వొస్తుంది. ట్రిగర్లు (ఆటగాడు చేరగానే అరుపుని మొదలుపెట్టే చోట్లు) మూడు నాలుగు పెట్టి, ప్రతిసారీ ఏదో ఒకటే ర్యాండమ్‌గా పనిచేసేలా చూడండి. అప్పుడప్పుడు ఏదీ రాకపోవడం ఇంకా మంచిది. 2014లో వచ్చిన ‘ఏలియన్: ఐసొలేషన్’ గేమ్‌లో ఆటగాడి చోటు తెలిసిన వ్యవస్థ వేరు, వేటాడే జీవి వేరు. మొదటిది సుమారు ప్రాంతం మాత్రమే చెబుతుంది, మిగతాది జీవి వెతుక్కోవాలి. అందుకే దాని రాకని కంఠతా పట్టడం కష్టం.