బెల్ మోగితే మీదికి ఎగిరే కుక్కకు చాప అలవాటు

మా కుక్క ఎగరడం తగ్గింది చాపతోనే. గుమ్మానికి ఆరడుగుల దూరంలో చాప వేసి, నాలుగు కాళ్లూ దానిమీద పెట్టిన క్షణమే శనగగింజంత ఉడికించిన చికెన్ ముక్క ఇవ్వాలి. ఉప్పు, ఉల్లి వద్దు. రోజుకు 3 సార్లు, 5 నిమిషాలు చాలు. నిలకడ వచ్చాకే ఫోన్‌లో బెల్ శబ్దం, మొదట చిన్నగా.

ఎగిరితే తిట్టొద్దు, తోయొద్దు. దానికి అదీ ఆటే. వెనక్కి తిరిగి నిలబడాలి. మొదట్లో ఎగరడం ఇంకా పెరుగుతుంది, ఇన్నాళ్లూ పనిచేసిన ఎత్తుగడ కదా! చాలామంది అక్కడే వదిలేస్తారు. ఇంట్లో ఒక్కరు "పోన్లే పాపం" అని నిమిరినా మళ్లీ మొదటికే.

ఎగిరే హుషారు తగ్గాలంటే నడకా కావాలి. విజయవాడ వేసవిలో అది తెల్లవారుజామునే. అరచేయి 5 సెకన్లు ఆనించలేని రోడ్డు పాదాలను కాలుస్తుంది. నడక కుదరని రోజు పాత దుప్పటి మడతల్లో డ్రైఫుడ్ (కుక్కల కోసం అమ్మే పొడి ఆహారపు గింజలు) చల్లితే, వాసన చూస్తూ వెతికి అలసిపోతుంది.