కుక్కకు అలర్జీ ఉందో లేదో ఎలా తేల్చుకోవాలి? వైద్యం ఎలా చేయించాలి?

రాత్రంతా పాదాలు నాక్కుంటూ, చెవులు గోక్కుంటూ, మూతిని గోడకేసి రుద్దుకునే కుక్కను చూస్తూ ఊరుకోలేం. అందుకే చాలామంది ముందే రక్తపరీక్షకు పరిగెత్తుతారు. కానీ అలర్జీ పరీక్ష చివరి మెట్టు. ఏ దురదా లేని కుక్కలకు కూడా అందులో పాజిటివ్ రావచ్చు. మిగతా కారణాలను ఒక్కొక్కటిగా తోసిపుచ్చాకే ఆ కాగితానికి విలువ.

ముఖం ఒక్కసారిగా వాచి, ఊపిరి ఆడకపోతే మాత్రం ఈ వరుస ఏదీ చూడకండి. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

1. పురుగులు, గజ్జి

తడిపిన తెల్లగుడ్డ మీద కుక్కను నిలబెట్టి, సన్నపళ్ల దువ్వెనతో తోక మొదట్లో దువ్వండి. రాలిన నల్లటి నలుసులు తడికి ఎర్రబారితే అవి ఫ్లీ అనే దూకే పురుగుల మలం. కుక్క నుంచి పీల్చిన రక్తమే ఆ ఎరుపు. ఫ్లీ ఉమ్మికి అలర్జీ ఉన్న కుక్కకు కొద్దిపాటి కాట్లే చాలు, రోజుల తరబడి గోక్కుంటుంది. అది పురుగుల్ని నాకి మింగేస్తుంది కాబట్టి ఒంటిమీద ఏమీ దొరక్కపోవచ్చు. అయినా మందు వేయించాల్సిందే. అఫోక్సోలానర్ మాత్ర నెలరోజులు, ఫ్లూరాలానర్ మాత్ర సుమారు 12 వారాలు పనిచేస్తాయి. మూర్ఛలు వచ్చే కుక్కయితే డాక్టరుకు ముందే చెప్పండి.

చర్మాన్ని గీకి మైక్రోస్కోపులో గజ్జి పురుగు కోసం, టేపు అంటించి తీసి బ్యాక్టీరియా, ఈస్ట్ (ఒక రకం ఫంగస్) కోసం చూడమని అడగండి. గీకినప్పుడు గజ్జి పురుగు చాలాసార్లు దొరకదు. అనుమానం ఉంటే దానికీ మందు వేస్తారు. ఇన్ఫెక్షనే సగం దురదకు కారణం కావచ్చు, అందుకే ముందు దాన్ని తగ్గించాలి.

2. ఆహార పరీక్ష: 8 వారాలు

ఎక్కువమంది తప్పేది ఇక్కడే. కుక్కలకు తరచుగా పడనివి గొడ్డుమాంసం, పాలు, కోడి, గోధుమ. మన ఇళ్లలో వాటికి పెట్టేవేమో చికెన్, పెరుగన్నం, చపాతీ, బిస్కెట్లు! అందుకే అది పుట్టాక ఎప్పుడూ తినని మాంసం ఒకటి, దుంప ఒకటి ఎంచుకోండి. చేప ఎరగని కుక్కయితే ముళ్లు తీసిన చేప, చిలగడదుంప సరిపోతాయి. ఉప్పు, కారం, ఉల్లి, వెల్లుల్లి ఏవీ వేయకుండా ఉడికించాలి. కోడి పడకపోతే బాతు కూడా పడకపోవచ్చు, కాబట్టి దాన్ని నమ్ముకోకండి. ఎదిగే కుక్కపిల్లలకు ఇంటి వంటలో కాల్షియం చాలదు. వాటికి డాక్టరు రాసే హైడ్రోలైజ్డ్ (ప్రొటీన్లను చిన్న ముక్కలుగా విడగొట్టిన) ఆహారమే మేలు.

ఈ 8 వారాలూ ఇంకేదీ నోట్లో పడకూడదు. నాయనమ్మ పెట్టే పెరుగు ముద్ద, వాచ్‌మన్ ఇచ్చే బిస్కెట్, పిల్లల పళ్లెం కింద రాలిన మెతుకులు, చికెన్ రుచి కలిపిన నట్టల మాత్ర, ఏదైనా సరే లెక్క పాడుచేస్తుంది. ఇంట్లో అందరికీ చెప్పి, ఫ్రిజ్ మీద కాగితం అంటించండి.

దురద తగ్గినంత మాత్రాన తేలిపోదు. కాలం మారి తగ్గి ఉండవచ్చు. పాత తిండి మళ్లీ పెట్టి 14 రోజులు చూడండి. దురద తిరిగొచ్చి, కొత్త తిండితో మళ్లీ తగ్గితేనే అది తిండి అలర్జీ. దీనికోసం వెంట్రుకలు, ఉమ్మి, రక్తం పరీక్షలకు డబ్బు పోయకండి, అవి నమ్మదగ్గవి కావు.

3. అప్పుడు అలర్జీ పరీక్ష

పురుగులు లేవు, తిండి కాదు, అయినా దురద ఉందంటే దుమ్ములోని మైట్స్ అనే కంటికి కనిపించని పురుగులు, పుప్పొడి, బూజు వంటివి కారణం కావచ్చు. ఇది సాధారణంగా 6 నెలలకూ 3 ఏళ్లకూ మధ్య మొదలవుతుంది. చర్మపరీక్షలో మత్తిచ్చి, ఛాతీ పక్కన బొచ్చు తీసి, అలర్జీ తెప్పించే పదార్థాల ద్రావణాలను పదుల కొద్దీ చుక్కలుగా చర్మంలోకి ఎక్కించి, 15–20 నిమిషాలకు దద్దుర్లు చూస్తారు. రెండో దారి రక్తంలో ఐజీఈ అనే అలర్జీ యాంటీబాడీని చూడటం. చర్మపరీక్ష అన్నిచోట్లా ఉండదు. రాజేంద్రనగర్, గన్నవరం, తిరుపతి పశువైద్య కళాశాలల ఆసుపత్రుల్లో ముందే వాకబు చేసుకుని వెళ్లండి.

చర్మపరీక్షకు ముందు మందులు ఆపాలి. అలర్జీ మాత్రలు 7 రోజులు, స్టెరాయిడ్ మాత్రలు, పూతలు, చెవి చుక్కలు 14 రోజులు, ఎక్కువకాలం పనిచేసే స్టెరాయిడ్ ఇంజెక్షన్ అయితే కనీసం 28 రోజులు. స్టెరాయిడ్ మాత్రల్ని ఒక్కసారిగా మానేయకండి, డాక్టరు చెప్పినట్టు తగ్గిస్తూ రావాలి.

4. వైద్యం

వారానికోసారి క్లోర్‌హెక్సిడిన్ షాంపూ పట్టించి, 10 నిమిషాలు ఉంచి, గోరువెచ్చటి నీళ్లతో కడగండి. వెంటనే కడిగేస్తే ఫలితం ఉండదు. పక్కగుడ్డలు వేడినీళ్లలో ఉతకండి.

దురదకు ఓక్లాసిటినిబ్ మాత్ర రోజుకు రెండుసార్లు, గరిష్ఠంగా 14 రోజులు, ఆపైన ఒకసారి. ఏడాది నిండని కుక్కకు వద్దు. ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడ్ త్వరగా పనిచేస్తుంది కానీ ఆకలి, దాహం, మూత్రం పెంచుతుంది కాబట్టి కొద్దిరోజులకే. మనుషుల క్రీములు రాయకండి, నాకేస్తుంది.

పరీక్షలో తేలిన పదార్థాలతో తయారుచేసే ఇంజెక్షన్లు లేదా చుక్కలే ఇమ్యునోథెరపీ. చర్మపరీక్ష అసలు ప్రయోజనం ఇదే. అందరికీ పనిచేయదు, పనిచేసే కుక్కలోనూ మార్పు నెలల మీద వస్తుంది. మూడో నెలలోనే వదిలేయకుండా, దురదకు 0 నుంచి 10 వరకు వారం వారం మార్కులు రాసుకుంటూ ఏడాది చూడండి.