తొలి ఉద్యోగ వేట – 4వ పాఠం: ముఖపరిచయం ఉన్నవాళ్లను అడగడం

గత పాఠంలో రెజ్యూమేని ఒక పేజీకి కుదించాం. ఆ పేజీ చేతికి రాగానే మీలో చాలామంది కనిపించిన ప్రతి ప్రకటనకీ అప్లై చేసేసి ఉంటారు. చేయండి, తప్పులేదు. కానీ ఒక ప్రకటన బయటికొచ్చిందంటే దానికి రెండు మూడేళ్లు పనిచేసినవాళ్లు కూడా అప్లై చేస్తారు. కాగితం మీద వాళ్లతో పోటీపడితే మనం తేలిపోతాం. అనుభవం లేని మనిషిని తీసుకోవడమంటే కంపెనీకి ఒక రకంగా జూదం. అరగంట ఇంటర్వ్యూలో ఏం తెలుస్తుంది? అందుకే తమకు తెలిసినవాళ్లెవరైనా "ఈ అమ్మాయిని ఒకసారి పిలిచి చూడండి" అంటే ఆ మాటకు విలువ ఇస్తారు. ఆ మాట అనగలిగే మనిషి దాకా చేరడం ఎలా అన్నదే ఈ పాఠం.

"మాకు పలుకుబడి ఉన్నవాళ్లెవరూ తెలియదు" అని మీరు అనబోతున్నారు. పలుకుబడి సంగతి నేను చెప్పడం లేదు.

అమెరికాలో మార్క్ గ్రానోవెటర్ అనే సామాజిక శాస్త్రవేత్త కొత్తగా ఉద్యోగం మారినవాళ్లను అడిగి, ఆ ఫలితాలను 1973లో ప్రచురించిన వ్యాసంలో పెట్టాడు. తెలిసినవాళ్ల ద్వారా ఉద్యోగం దొరికినవాళ్లలో, ఆ తెలిసిన మనిషిని తరచూ కలిసేవాళ్లు 16.7 శాతమే. అప్పుడప్పుడు కలిసేవాళ్లు 55.6 శాతం, ఏడాదికొకసారో అంతకంటే తక్కువో కలిసేవాళ్లు 27.8 శాతం. కారణం ఆలోచిస్తే తేలిగ్గానే అర్థమవుతుంది. మీ ప్రాణస్నేహితులకు తెలిసిన ఖాళీలు మీకూ తెలిసే ఉంటాయి, పైగా వాళ్లూ మీతోపాటే వెతుకుతూ ఉంటారు. ముఖపరిచయం ఉన్న మనిషి మీరు ఎప్పుడూ అడుగుపెట్టని చోట తిరుగుతుంటారు.

అయితే ఆ అధ్యయనంలోని వాళ్లు అప్పటికే అనుభవమున్న వృత్తి నిపుణులు. మొదటి ఉద్యోగం సంగతి కొంచెం వేరు. స్వీడన్‌లో చదువు ముగించిన యువత మీద చేసిన పరిశోధన 2014లో వచ్చింది. అక్కడ తొలి ఉద్యోగానికి అమ్మానాన్నలు పనిచేసే చోటే బాగా అక్కరకొచ్చిందని, తక్కువ చదువుకున్నవాళ్లకు మరీనని తేలింది. కాబట్టి ఇంట్లోవాళ్లు పనిచేసే చోట ఏదైనా అవకాశం ఉంటే ముందు అక్కడే అడగండి. ఇందులో నామోషీ ఏమీ లేదు. అలాంటి అవకాశం లేనివాళ్లకే మిగతా పాఠం.

ఉద్యోగ పరిచయాల కోసం వాడే వెబ్‌సైట్ లింక్డిన్‌లో 2 కోట్ల మంది మీద ఐదేళ్లపాటు జరిగిన ప్రయోగాల ఫలితాలు 2022లో వచ్చాయి. బాగా దగ్గరివాళ్లకంటే ఒక మోస్తరు పరిచయం ఉన్నవాళ్ల వల్లే ఉద్యోగం మారే అవకాశం ఎక్కువని వాటిలో కనిపించింది. మరీ పలచటి పరిచయాలు అంతగా పనిచేయలేదు. అంటే ముక్కూమొహం తెలియని మేనేజర్లకు టోకున మెసేజ్‌లు కొట్టడం కాదు, మిమ్మల్ని ఒకసారైనా చూసిన మనిషిని పట్టుకోవాలి. రెండేళ్ల సీనియర్లు, పాఠం చెప్పిన లెక్చరర్, ఇంటర్న్‌షిప్‌లో పక్క సీట్లో కూర్చున్న మనిషి, స్నేహితురాలి అన్నయ్య, ఒకప్పుడు పక్కింట్లో ఉండి వెళ్లిపోయిన కుటుంబం. ఫోన్‌లో కాంటాక్ట్‌లు మొదటి నుంచి చివరిదాకా ఒకసారి చూసుకుంటూ పొండి. పేర్లు చాలానే దొరుకుతాయి.

ఇప్పుడు మెసేజ్ రాద్దాం. మామూలుగా అందరూ రాసేది ఇది:

"హాయ్ అక్కా, బాగున్నారా? నాకు ఎక్కడైనా జాబ్ ఉంటే చూడండి ప్లీజ్. ఏ పనైనా చేస్తాను. రెజ్యూమే పంపిస్తున్నాను."

దీనికి ఎంత మంచి అక్కయినా "సరే, చూస్తాను" అంటుంది. అంతకుమించి ఆవిడ చేయగలిగింది కూడా లేదు. మీరెవరో సరిగ్గా గుర్తురాదు. "ఏ పనైనా" అంటే ఏ ఖాళీ చూసినప్పుడు మీరు గుర్తుకు రావాలి? పైగా ఉద్యోగం వెతికే బరువంతా ఆవిడ నెత్తిన పెట్టేశారు. అదే మెసేజ్‌ని ఇలా మారుద్దాం:

"నమస్తే అక్కా. నేను కాలేజీలో మీకు రెండేళ్ల జూనియర్‌ని. ఫెస్ట్ రోజు రిజిస్ట్రేషన్ డెస్క్ దగ్గర మీతో కలిసి కూర్చున్నాను. ఈమధ్యే డిగ్రీ అయింది, అకౌంట్స్‌లో మొదటి ఉద్యోగం కోసం చూస్తున్నాను. మీరు అదే పనిలో ఉన్నారని తెలిసింది. కొత్తగా చేరినవాళ్లకు మొదటి నెలల్లో ఏ పని అప్పజెప్తారో, దానికి నేను ముందే ఏం నేర్చుకోవాలో మిమ్మల్ని అడగాలని ఉంది. ఈ వారంలో ఒక పదిహేను నిమిషాలు ఫోన్‌లో మాట్లాడటానికి కుదురుతుందా? కుదరకపోతే రెండు ముక్కలు మెసేజ్ పెట్టినా చాలు."

ఫెస్ట్ రోజు డెస్క్ అనగానే మొహం గుర్తొస్తుంది. అకౌంట్స్ అని ఒకే మాట చెప్పారు కాబట్టి అలాంటి ఖాళీ కంటబడినప్పుడు మీరు గుర్తొస్తారు. ఇక్కడ అసలు కిటుకు ఏమిటంటే, మీరు ఉద్యోగం అడగలేదు, ఆవిడకు తెలిసిన విషయం అడిగారు. ఉద్యోగం ఇప్పించడం ఆవిడ చేతిలో లేకపోవచ్చు గానీ తన పని గురించి చెప్పడం చేతిలోనే ఉంది. చివరి వాక్యాన్ని మాత్రం కొట్టేయకండి. తప్పించుకోవడానికి దారి ఉంటేనే బిజీగా ఉన్నవాళ్లు జవాబిస్తారని నా నమ్మకం. రెజ్యూమే అప్పుడే జత చేయొద్దు, అడిగినప్పుడు పంపితే తెరిచి చూస్తారు. లెక్చరర్‌కైతే "సార్", "మేడమ్" అని మొదలుపెట్టి, ఏ ఏడాది ఏ సబ్జెక్టు చెప్పారో రాయండి. మిగతాదంతా ఇదే పద్ధతి.

పంపాక నీలం టిక్కులు పడి జవాబు రాకపోతే టెన్షన్ పడతారు. చదివి, తర్వాత రాద్దామనుకుని మరిచిపోవడం అందరూ చేసేదే. వారం ఆగి ఒక్కసారి గుర్తుచేయండి: "అక్కా, పనుల్లో ఉండి ఉంటారు, వీలైతే చూడండి." దానికీ పలకకపోతే వదిలేయండి. మూడోసారి రాస్తే పరిచయం కూడా పోతుంది.

ఎవరికి, ఏ రోజు, ఏం రాశారో ఒక నోట్‌బుక్‌లో పెట్టుకోండి. ఒకే మనిషికి రెండుసార్లు అదే మెసేజ్ పోతే, మీరు అందరికీ ఒకటే కాపీ చేసి పంపుతున్నారని ఇట్టే తెలిసిపోతుంది.

ఈ వారం అభ్యాసం: కాంటాక్ట్‌లలోంచి పది పేర్లు తీసి, ఒక్కో పేరు పక్కన ఆ మనిషి మిమ్మల్ని ఎక్కడ చూశారో ఒక్క లైను రాయండి. లైను రాయలేకపోతే ఆ పేరు కొట్టేయండి. మిగిలినవాళ్లలో ముగ్గురికి మెసేజ్ రాసి, పైకి చదివి చూసుకుని పంపండి. "సరే, శనివారం ఫోన్ చెయ్" అని జవాబొస్తే ఆ పదిహేను నిమిషాల్లో ఏం అడగాలి, ఏం అడగకూడదు అన్నది 5వ పాఠంలో చూద్దాం. ఈలోపే ఫోన్ చేయాల్సి వస్తే "మీకు మొదటి నెలలో ఏది కష్టమనిపించింది?" అని మొదలుపెట్టి, వాళ్లు చెప్పేది రాసుకోండి.